మజిలీలో నేర్చిన ధమ్మం: ఇత్సింగ్ ఆగిన ఊరు, మన బస్తరు బాట

వచ్చే మార్చిలో బోరోబుదూరు స్తూపాన్ని దర్శించి రావాలని జగదల్‌పూర్‌లోని మా తెలుగు ఉపాసకులం పదకొండు మందిమి నిర్ణయించుకున్నాం. ఏడాదిగా నెలనెలా చీటీ కట్టి కూడబెట్టుకున్న సొమ్ము అది. మాలో కొందరు చిన్న ఉద్యోగులు, కొందరు కూలినాలి చేసుకునేవారు. విశాఖపట్నం దాకా రైలు, అక్కడి నుంచి సింగపూరు, ఆ పైన జావా ద్వీపం అని దారి గీసుకున్నాం. మధ్యలో సుమత్రా ద్వీపంలోని పాలెంబాంగ్ నగరంలో రెండు రోజులు ఆగుదామని ఒక సోదరుడు ప్రతిపాదించాడు. మాలో అందరికంటే పెద్దాయన వెంటనే అడిగారు: "అక్కడ పెద్ద స్తూపం ఏమైనా నిలిచి ఉందా?" లేదన్నాం. "మరి ఆ రెండు రోజుల భోజనం, బస ఖర్చు ఎందుకు నాయనా? పేదవాళ్ల డబ్బు ఇది" అన్నారాయన.

న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే పదమూడు వందల ఏళ్లు వెనక్కి వెళ్లాలి. ధమ్మం సముద్రాలు దాటిన రోజుల్లో మజిలీ అంటే ఏమిటి, దానిని ఎవరు ఎలా వాడుకున్నారు అన్నది తెలిస్తేనే రెండు రోజుల విలువ తేలుతుంది. మేము వెతికి తెలుసుకున్నది పాఠకుల ముందు ఉంచుతున్నాం.

అనుకోని మజిలీ, అనుకుని చేసిన మజిలీ

ముందుగా ఫాహియాన్ సంగతి. 5వ శతాబ్దం మొదట్లో ఆ చైనా భిక్షువు భారతదేశం, సింహళం తిరిగి, గ్రంథాలతో ఓడ ఎక్కి స్వదేశానికి బయలుదేరాడు. ఓడలో సుమారు రెండు వందల మంది. తుఫాను పట్టుకుంది, ఓడకు చిల్లు పడింది, వర్తకులు సరుకును సముద్రంలోకి విసిరేశారు. తన గ్రంథాలను, ప్రతిమలను కూడా ఎక్కడ విసిరేస్తారోనని ఆయన భయపడ్డాడు. తొంభై రోజులకు పైగా అలల మీద గడిపి యవద్వీపం చేరి, అక్కడ ఐదు నెలలు ఆగాడు. ఆ దేశంలో బ్రాహ్మణ ధర్మం బలంగా ఉంది, బుద్ధ ధమ్మం గురించి చెప్పుకోదగ్గది ఏమీ లేదు అని రెండు ముక్కల్లో రాసి వదిలేశాడు. ఆ ఐదు నెలలు ఆయనకు గాలి కోసం నిరీక్షణ మాత్రమే. నేర్చుకోవడానికి గురువు లేడు, చేరడానికి సంఘం లేదు.

రెండున్నర శతాబ్దాల తరువాత వచ్చిన ఇత్సింగ్ కథ వేరు. క్రీ.శ. 635లో పుట్టిన ఈ భిక్షువుకు ఫాహియాన్, హ్యూయన్‌త్సాంగ్‌ల వలె బుద్ధభూమిని చూడాలన్నది చిన్ననాటి కోరిక. కలిసి వస్తామన్న మిత్రులు ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు. చివరికి షాన్‌షింగ్ అనే యువ శిష్యుడు ఒక్కడే మిగిలాడు. ఫెంగ్ అనే ఒక ప్రభుత్వాధికారి, ఆయన కుటుంబం వారు ప్రయాణానికి కావలసినవన్నీ దానంగా ఇచ్చారు. 671 చివరలో ఇత్సింగ్ కాంటన్ రేవులో ఒక పారశీక ఓడ ఎక్కాడు. ఇరవై రోజులు తిరగకుండానే శ్రీవిజయ రాజ్యపు రాజధాని, తాను భోగ అని పిలిచిన నగరం చేరాడు. అదే నేటి పాలెంబాంగ్ అని చరిత్రకారులు గుర్తించారు.

అక్కడ ఆరు నెలలు ఆగాడు. ఆ కాలపు ఓడలకు గాలే దిక్కు. శీతకాలపు గాలి చైనా నుంచి ఓడను దక్షిణానికి తెస్తుంది. అక్కడి నుంచి బంగాళాఖాతం దాటాలంటే మళ్లీ అనువైన రుతువు రావాలి. కనుక ఆగక తప్పదు. కానీ ఆ తప్పనిసరి ఆగడాన్ని ఇత్సింగ్ పాఠశాలగా మార్చుకున్నాడు. ఆ ఆరు నెలలూ శబ్దవిద్య, అంటే సంస్కృత వ్యాకరణం, నేర్చుకున్నాడు. నలందకు వెళ్లి గురువుల ముందు కూర్చునే నాటికి మాట అర్థం కావాలి కదా! తరువాత మలయు దేశంలో రెండు నెలలు, ఆ పైన కెడా రేవు, అక్కడి నుంచి రాజుగారి ఓడలో నికోబారు దీవుల మీదుగా 673లో తామ్రలిప్తి. కాంటన్ వదిలిన ఏడాది దాటాక భారతదేశపు మట్టి తొక్కాడు.

శిష్యుడు షాన్‌షింగ్ మాత్రం అంత దూరం రాలేకపోయాడు. శ్రీవిజయలోనే జబ్బు పడి స్వదేశానికి తిరిగిపోయాడు. ఎవరు ముందుకు పోగలరో, ఎవరు వెనుదిరగాలో తేలేది కూడా మజిలీలోనే. గురువు అతనిని నిందించినట్టు ఎక్కడా కనబడదు.

ఆ నగరంలో ఏముంది

ఇత్సింగ్ రాతల ప్రకారం కోటగోడలున్న ఆ భోగ నగరంలో వెయ్యి మందికి పైగా భిక్షువులు ఉండేవారు. వారి చదువు, వినయ నియమాలు మధ్యదేశంలో ఉన్నట్టే ఉండేవి. అందుకే తన తరువాత వచ్చే చైనా భిక్షువులకు ఆయన ఒక సలహా ఇచ్చాడు: భారతదేశానికి నేరుగా పోవద్దు, ఈ నగరంలో ఒకటి రెండేళ్లు ఆగి నియమాలు అభ్యసించి ఆ తరువాత వెళ్లండి అని. ఒక అనుభవజ్ఞుడైన యాత్రికుడు ఇతర యాత్రికులకు ఒక ఆగ్నేయాసియా నగరంలో మజిలీ ఎలా చెయ్యాలో చెప్పిన మాట ఇది. ఆ నగరంలో శాక్యకీర్తి అనే గొప్ప ఆచార్యుడు ఉన్నాడని కూడా రాశాడు.

ఇంకో చిన్న సంగతి మమ్మల్ని ఆకట్టుకుంది. వినయం ప్రకారం భిక్షువులు మధ్యాహ్నం దాటక ముందే భుజించాలి. వేళ తెలియడానికి నీడ కొలిచేవారు. శ్రీవిజయలో ఏడాదికి రెండు సార్లు మిట్టమధ్యాహ్నం నిలబడ్డ మనిషికి నీడ పడదని ఇత్సింగ్ గమనించి రాశాడు. పాలెంబాంగ్ భూమధ్యరేఖకు మూడు డిగ్రీల దక్షిణాన ఉంది. మార్చి రెండో వారంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. మేము వెళ్లేది ఆ రోజుల్లోనే.

నలందలో పదేళ్లు చదివి, ఐదు లక్షల శ్లోకాలకు మించిన గ్రంథరాశితో 685 ప్రాంతంలో ఇత్సింగ్ మళ్లీ ఓడ ఎక్కాడు. మొదటిసారి తాను వేరే దేశంగా చూసిన మలయు ఇప్పుడు శ్రీవిజయలో కలిసిపోయి ఉంది. ఆ మార్పుకు అక్కడి రాళ్లే సాక్ష్యం. పాలెంబాంగ్‌లో దొరికిన కెడుకాన్ బుకిట్ శాసనం 682 నాటిది. దపుంత హ్యాంగ్ అనే నాయకుడు ఇరవై వేల సేనతో సిద్ధయాత్ర చేశాడని అందులో ఉంది. 684 నాటి తలాంగ్ తువో శాసనం ఇంకా మనసుకు దగ్గరగా ఉంటుంది. శ్రీజయనాశుడు అనే రాజు శ్రీక్షేత్రం అనే తోట వేయించి, అందులో కొబ్బరి, పోక, సగ్గుబియ్యం చెట్లు, వెదుళ్లు నాటించి, చెరువులు తవ్వించి, ఆ పుణ్యం సకల ప్రాణులకూ చెందాలని కోరుకున్నాడు. భాష పాత మలయు, లిపి మాత్రం మన దక్షిణాది పల్లవ లిపి. కత్తి మాట రెండేళ్ల ముందు, తోట మాట రెండేళ్ల తరువాత. ఒకే రాజ్యం రెంటినీ రాతి మీద చెక్కించింది.

ఈ రెండో మజిలీ ఆరు నెలలు కాదు, పదేళ్లు సాగింది. అక్కడే కూర్చుని గ్రంథాలు అనువదించసాగాడు. కాగితం, సిరా అయిపోయాయి. 689లో వాటిని పంపమని ఉత్తరం రాసి, దానిని కాంటన్ పోయే ఓడవారికి అందించడానికి నది ముఖద్వారానికి వెళ్లి ఓడ ఎక్కాడు. అంతలో మంచి గాలి వీచింది. వర్తకుడు తెరచాప ఎత్తేశాడు. ఆపమన్నా ఆగే దారి లేదు. ఉత్తరం ఇవ్వబోయినవాడు తానే కాంటన్‌లో దిగాడు! గ్రంథాలన్నీ భోగ నగరంలోనే ఉండిపోయాయి. దిగులుపడక, అక్కడ జెన్‌గు మొదలైన సహాయకులను కూడగట్టుకుని, ఆ ఏడాది చివరలోనే తిరిగి శ్రీవిజయ చేరాడు. 695లో సుమారు నాలుగు వందల గ్రంథాలతో లోయాంగ్ చేరినప్పుడు సామ్రాజ్ఞి వు స్వయంగా ఎదురేగింది.

భారతదేశంలో భిక్షువులు ఎలా జీవిస్తారో వివరిస్తూ నలభై అధ్యాయాలలో ఆయన రాసిన వృత్తాంతం కూడా ఈ మజిలీ ఊరిలోనే పూర్తయింది. పళ్లు తోముకునే పుల్ల, నీరు వడగట్టే గుడ్డ, స్నానం, భోజన పంక్తి వంటి నిత్య విషయాలన్నీ అందులో ఉన్నాయి. మన దేశపు ఆరామాలలో ఆనాడు రోజు ఎలా గడిచేదో నేడు మనకు తెలుస్తున్నదంటే, ఒక మనిషి దారి మధ్యలో ఆగి, తీరిక చేసుకుని రాసినందువల్లనే.

మన రేవుల మాట

ఈ దారిలో తెలుగువారి పాత్ర తక్కువది కాదు. 2వ శతాబ్దపు గ్రీకు భూగోళ రచయిత టాలమీ మైసోలియా అని పిలిచిన మన కృష్ణా తీర ప్రాంతాన్ని వర్ణిస్తూ, సువర్ణభూమికి పోయే ఓడలు తీరాన్ని వదిలి నడిసముద్రంలోకి తిరిగే చోటు ఆ దరిదాపుల్లోనే ఉందని రాశాడు. అదే ప్రాంతంలోని ఘంటసాల ఆనాటి కంటకసెల. అక్కడ దొరికిన ప్రాకృత శాసనంలో ఒక మహానావికుని ప్రస్తావన ఉంది. ఆ మాటే మలయా ద్వీపకల్పంలో దొరికిన 5వ శతాబ్దపు రాతి పలక మీదా కనబడుతుంది. రక్తమృత్తిక వాసి మహానావిక బుద్ధగుప్తుడు తన ప్రయాణం సఫలం కావాలని స్తూపం బొమ్మతో సహా చెక్కించుకున్న పలక అది. నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. కంటకసెల మహాచైత్యం తూర్పు ద్వారం వద్ద రాతి మండపం వేయించింది. వచ్చేపోయే భిక్షువులకు నీడ కల్పించడం ఆనాటి గృహస్థులు తమ పనిగా ఎంచారు.

ఎనిమిది పదుల ఏళ్లు దాటని మరో మాట కూడా చెప్పాలి. 1954 డిసెంబరులో బాబాసాహెబ్ అంబేద్కర్ ప్రపంచ బౌద్ధ సమ్మేళనం కోసం రంగూన్ వెళ్లారు. అప్పటికే ఆయన ఆరోగ్యం బాగా దెబ్బతిని ఉంది. అక్కడ గడిపినవి కొద్ది రోజులే. ఆ నెల 25న పూణే దగ్గర దేహూ రోడ్‌లో ఆయన ప్రతిష్ఠించిన బుద్ధ ప్రతిమ రంగూన్ నుంచి వచ్చినదే. 1956 నాగపూర్ దీక్షకు రెండేళ్ల ముందటి సంగతి ఇది. ఆగ్నేయాసియా నగరంలో కొద్ది రోజులు గడిపి తిరిగి వచ్చేటప్పుడు ఏం తేవాలో ఇంతకంటే బాగా చెప్పిన ఉదాహరణ మాకు తోచలేదు.

అడవిలోని మజిలీ

ఇంతవరకు చదివాక మాలో ఒక సోదరి అడిగింది: "సముద్రపు దారి సరే, మన బస్తరు దారి సంగతేమిటి? ఇక్కడ ఎవరూ ఆగలేదా?"

ఇత్సింగ్‌కు ఒక తరం ముందు హ్యూయన్‌త్సాంగ్ కాలినడకన దక్షిణ కోసలకు వచ్చాడు. నేటి ఛత్తీస్‌గఢ్‌లోని సిర్పూర్ ప్రాంతాన్ని చాలామంది పండితులు ఆ కోసలగా గుర్తించారు. మహాశివగుప్త బాలార్జునుని కాలపు ఆనందప్రభు కుటీవిహారం ఇటుకల్లో నేటికీ అక్కడ చూడవచ్చు. ఆ దేశంలో దాదాపు వంద ఆరామాలు, పదివేల మందికి కాస్త తక్కువగా భిక్షువులు ఉన్నారని హ్యూయన్‌త్సాంగ్ రాశాడు. అక్కడి నుంచి దక్షిణంగా ఒక మహారణ్యం గుండా తొమ్మిది వందల లీలు నడిచి ఆంధ్ర దేశం చేరానన్నాడు. ఆ దేశపు రాజధాని వేంగి అని, అంటే నేటి పెదవేగి అని, పండితులు గుర్తించారు. పటం ముందు పెట్టుకుని సిర్పూర్ నుంచి పెదవేగికి గీత గీయండి. అది మన కొండగావ్, బస్తరు అడవుల మీదుగా పోతుంది.

ఆ అరణ్యంలో ఏ ఊళ్లో పడుకున్నదీ ఆయన చెప్పలేదు. కానీ ఆ గీతకు దగ్గరలోనే, కొండగావ్ జిల్లాలో, భోంగాపాల్ ఉంది. అక్కడ ఇటుకల చైత్యం అవశేషాలు బయటపడ్డాయి. 5, 6 శతాబ్దాల నాటివని చెబుతారు. అంటే ఆయన నడిచే నాటికే అది పాతబడిన కట్టడం. అడవి నడుమ పద్మాసనంలో కూర్చున్న బుద్ధుని ప్రతిమను చుట్టుపక్కల ఆదివాసీలు డోక్రా బాబా అని కొలుస్తున్నారు. డోక్రా అంటే ముసలాయన. ఆయన పేరు మరచిపోయినా, మొక్కడం మాత్రం వారు మానలేదు. ధమ్మాన్ని చదివామని చెప్పుకునే మాకంటే వారే ఆయనకు దగ్గరగా ఉన్నారు.

హ్యూయన్‌త్సాంగ్ కూడా మజిలీని వృథా చేయలేదు. మన ధాన్యకటకంలో చాలా ఆరామాలు అప్పటికే పాడుబడి ఉన్నా, సుభూతి, సూర్య అనే ఇద్దరు భిక్షువుల వద్ద కొన్ని నెలలు ఉండి మహాసాంఘిక అభిధమ్మం నేర్చుకున్నాడు. సుమత్రాలో ఇత్సింగ్ చేసిన పనే ఆయన కృష్ణ ఒడ్డున చేశాడు. శిథిలమైన ఊళ్లో కూడా ఇద్దరు గురువులు దొరికారు.

ఈ చర్చ మధ్యలో ఒక విషయం బయటపడి మేము తల దించుకున్నాం. బోరోబుదూరుకు పోవాలని ఏడాదిగా చీటీ కడుతున్న పదకొండు మందిలో భోంగాపాల్ చూసినవారు ఇద్దరే. జగదల్‌పూర్ నుంచి పొద్దున బయలుదేరితే చీకటి పడేలోగా తిరిగి రాగల దూరం అది.

మేము వేసుకున్న ప్రణాళిక

పాలెంబాంగ్‌లో ఆకాశాన్నంటే స్తూపాలు లేవన్న పెద్దాయన అనుమానం నిజమే. అది నదీ నగరం. నీటి అంచున కట్టుకున్న ఇళ్లు, ఆరామాలు ఎక్కువగా కొయ్యవి కావడంతో కాలం తినేసింది. శ్రీవిజయ అన్న పేరునే లోకం మరచిపోయింది. 1918లో జార్జ్ సెదెస్ అనే ఫ్రెంచి పండితుడు శాసనాలను, చైనా రాతలను కలిపి చదివి, అది ఒక రాజ్యం పేరని తేల్చాడు. కాబట్టి అక్కడికి వెళ్లేవారు చదువుకుని వెళ్లాలి. చదవకుండా వెళితే కనబడేది పెద్ద బజారు, పెద్ద వంతెన, ఒక నది. అన్నట్టు ఆ నది పేరు మూసీ! హైదరాబాదులో బంధువులున్న మావాళ్లు ఈ మాట విని నవ్వారు.

మొదటి రోజు బుకిట్ సెగుంతాంగ్ గుట్ట ఎక్కుతాం. కెడుకాన్ బుకిట్ శాసనం దొరికింది ఆ గుట్ట దగ్గరే. ఆ గుట్ట మీద దొరికిన నిలువెత్తు రాతి బుద్ధుడు నగరంలోని సుల్తాన్ మహమూద్ బదరుద్దీన్ మ్యూజియంలో ఉన్నాడు. ఆ ప్రతిమలో అమరావతి శైలి ఛాయలు చూసిన పండితులు ఉన్నారు. ఆ చీవరపు మడతలను మన అమరావతి శిల్పాల ఫొటోలతో పోల్చి చూడాలని మా ఆలోచన. రెండో రోజు పొద్దున శ్రీవిజయ పురావస్తు ఉద్యానంలోని పాత కాలువలు చూసి, మధ్యాహ్నానికి మూసీ ఒడ్డుకు వస్తాం. మబ్బు లేకపోతే మా నీడ మా పాదాల కిందికి చేరడం చూస్తాం. అక్కడే కూర్చుని ఇత్సింగ్ గురించి ఒక గంట చదువుకుంటాం. శాసనపు రాళ్లు జకార్తాలోని జాతీయ మ్యూజియంలో ఉన్నాయి. విమానం మారేటప్పుడు వేళ దొరికితే అవీ చూస్తాం. మాల్‌కు వెళ్లాలన్న కుర్రాళ్లకు సాయంత్రం రెండు గంటలు కేటాయించాం. వాళ్లూ యాత్రికులే.

అయితే ప్రయాణం పాలెంబాంగ్‌తో మొదలు కాదు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం పదకొండు మందిమీ, మా పిల్లలతో సహా భోంగాపాల్ వెళుతున్నాం. డోక్రా బాబాకు మొక్కే ఊరివాళ్ల దగ్గర కూర్చుని వారు చెప్పేది వింటాం, రాసుకుంటాం. ఆ ప్రతిమకు పేరు మార్చడానికి, మన జెండా పాతడానికి వెళ్లడం లేదు. ఇన్ని తరాలు కాపాడినవారికి కృతజ్ఞత చెప్పి, వారి కథను నేర్చుకోవడానికి వెళుతున్నాం. అది మా మొదటి మజిలీ. మార్చిలో అరకు మీదుగా రైల్లో విశాఖ దిగాక తొట్లకొండ రెండో మజిలీ. అక్కడి భిక్షువులు నీటి కోసం రాతిలో తొలిచిన తొట్ల పక్క నిలబడితే సముద్రం కనబడుతుంది. మన తీరపు ఓడలు సువర్ణభూమికి సాగిన సముద్రం అది. పాలెంబాంగ్ మూడోది, బోరోబుదూరు చివరిది.

ఇంకో నియమం కూడా పెట్టుకున్నాం. ప్రతి ఒక్కరూ ప్రయాణానికి ముందే ఒక విషయం నేర్చుకుని మిగతావారికి చెప్పాలి. ఒకరు శ్రీవిజయ శాసనాలు, ఒకరు బోరోబుదూరు శిల్పాలు, ఒకరు మలయు భాషలో పలకరింపు మాటలు, ఒకరు ఘంటసాల రేవు చరిత్ర. కూలి పని చేసే ఒక తమ్ముడికి చదవడం రాదు. అతను మూసీ ఒడ్డున త్రిసరణం పలికించే బాధ్యత తీసుకున్నాడు. మాలో అతని గొంతే బాగుంటుంది.

పెద్దాయన ఖర్చు లెక్క మళ్లీ వేశారు. రెండు రోజుల బసకు అయ్యే సొమ్ము కోసం చీటీ ఒక నెల పొడిగించమని తానే చెప్పారు. అంతేకాదు, ఒక నోటు పుస్తకం కొని తెచ్చి మా చేతిలో పెట్టారు. "కాగితం అయిపోయి అవస్థ పడ్డాడన్నారుగా ఆ భిక్షువు. మీరు ముందే పట్టుకెళ్లండి" అన్నారు. ఆ పుస్తకంలో మొదటి పేజీ భోంగాపాల్‌కు కేటాయించాం. తిరిగి వచ్చాక అందులో రాసినది ఈ పుటలలోనే పాఠకులతో పంచుకుంటాం.